ఆట లేని ఆదివారం

ప్లేఆఫ్స్ వస్తే మా వీధి చివరింటి కాజిమిర్ చేతులు వణికేది పందేలు కాసినందుకేనని పుకారు. అది శుద్ధ అబద్ధం. అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ దాకా సాగే ఆ పోటీల్లో ఒక్కసారి ఓడిన జట్టు కథ అంతటితో సరి. సీజన్‌లో మొదటి స్థానం వచ్చినవాళ్ళకు మాత్రం తొలివారం ఆట ఉండదు. ఈ ఏడు ఆ స్థానం మా జట్టుదే. అయినా ఆదివారం నేను మొక్కజొన్న రొట్టె ఇచ్చే వంకతో వెళ్ళేసరికి, అతను జట్టు టోపీ పెట్టుకుని, రెండు గిన్నెల్లో చిల్లీ అనే మాంసం కూర వడ్డించి, ఆపేసి ఉన్న టీవీ ముందు నవ్వుతూ కూర్చున్నాడు. చేతుల్లో వణుకు లేదు. పక్కన, చనిపోయిన భార్య వాండా కుర్చీ మెల్లగా ఊగుతోంది.

"ఆట లేని వారం ఎవరికయ్యా ఆ రెండో గిన్నె?" అని అడిగేశాను.

"ప్లేఆఫ్స్ మొదలైతే వాండా వస్తుంది, లొరెట్టా. మనవాళ్ళు ఓడిన రోజే వెళ్ళిపోతుంది. ఈ వారం ఓడిపోవడానికి ఆటే లేదుగా!"