ఒకే బెజ్జంలో రెండు పురుగులు

యుద్ధం మొదలైన మరుసటి ఏడు, తొలకరి ముంగారు వానలు పడ్డాక, చింతామణిలోని వ్యవసాయ ఇలాఖా కచేరీలో పురుగుల గదికి నన్ను అటెండరుగా వేశారు. నా చదువు రెండో తరగతి. చీట్లు రాయడానికి అది చాలింది. కొమ్మను నిలువునా చీల్చడం, తడి కుంచెతో పురుగును ఎత్తి స్పిరిటు సీసాలో వేయడం, ఆరాక అట్టముక్క మొనకు జిగురుతో అంటించి కింద చీటీ గుచ్చడం నా పని. నా పైన అసిస్టెంటు నంజప్ప, ఆయన పైన కీటకాల ఆఫీసరు. ఇది ఫలానా జాతి అని తేల్చే అధికారం ఆఫీసరుదే.

ఆ వానల్లోనే బట్లహళ్ళి నుంచి రామక్క అనే రైతు, ఎండిన అంటుమామిడి మొక్కలు బండిలో వేసుకొని వచ్చింది. కాండం మీద సూది బెజ్జాలు. ఒక్కో బెజ్జం నుంచి పొట్టు సేమ్యాలాగా పొడుచుకొని ఉంది. చీలిస్తే లోపల సొరంగం, గోడలకు తెల్లటి బూజు. ఈ పురుగు కొయ్యను తినదు. బూజును పంటలా పెంచి దాన్నే తింటుంది. ఆ సేద్యం చూసి నాకు ముచ్చటేసింది. రామక్కకు వేయలేదు.

నేను పురుగులెత్తి వేసిన సీసా చూసి నంజప్ప రెండు జాతులన్నాడు. ఒకటి ఎర్రగోధుమ రంగుది, రెక్కలున్నది. అది మాకు తెలిసినదే, నీరసించిన చెట్లనే పడుతుంది. రెండోది అందులో సగం, గూనిది, ఎగరలేనిది. మా పెట్టెల్లో ఎక్కడా లేదు. కొత్త పురుగైతే తోటంతా పెరికించి కాల్పించాలి. ఆ మాట వినగానే రామక్క గుమ్మంలోనే కూర్చుంది.

"కాల్చమంటే కాలుస్తానప్పా. యా పురుగో చెప్పి కాల్చమనండి. తెలీని దానికి తోట యాడ కాల్చేది?"

ఆఫీసరు కోప్పడలేదు. చిన్నవి ఏ బెజ్జంలో దొరికాయని నన్నడిగాడు. చెప్పడానికి లేదు. స్పిరిటు కరువు కాబట్టి ఒక చెట్టు పురుగులన్నీ ఒకే సీసాలో వేయడం మా గది కట్టుబాటు. ఇకమీదట బెజ్జానికొకటి పెట్టమన్నాడు. అన్ని సీసాలు లేవు, ఉన్నది వాడకుండా కొత్తవి కొనమనడం నాకు చేతకాదు. ఆముదపాకు కాడలు బోలుగా ఉంటాయి. కోసి ముక్కలు చేసి, రెండు కొనలకు దూది పెట్టి, దారంతో చీటీ కట్టాను.

"ఏమ్మా, పులుసు పెడతాండావా?" అన్నాడు నంజప్ప.

"పెడతా. పురుగులుండే ముక్కలు మీకే వేస్తాలేప్పా."

ఆయనా పక్కన కూర్చొని మిగిలిన మామిడి కొమ్మలు చీల్చాడు. చిన్నది ఒంటరిగా ఏ బెజ్జంలోనూ దొరకలేదు. పిల్లలు పెరిగిన సొరంగంలోనే, పెద్దవాటి గుంపులో ఒకటో అరో ఉండేది. ఆఫీసరు భూతద్దం కింద వాటి పొట్టలు కోశాడు. పెద్దవన్నీ ఆడవి, చిన్నది మగది. అది పుట్టిన సొరంగం దాటదు, తోబుట్టువులతోనే జతకడుతుంది, అందుకే దానికి ఎగిరే పని లేదు. ఇదేం వావి లేని సంసారమని నేనంటే, మన వావి దానికి పెట్టి చూస్తే రెండు జాతులే కనబడతాయని ఆఫీసరన్నాడు.

జాతి ఒకటే, అదీ పాతదే. వానకు నీళ్ళు నిలిచిన పల్లంలోని మొక్కలనే పట్టింది. వాటిని పెరికి కాల్పించి, నీటికి కాలువ తీయించారు. మెరక మీది తోట నిలిచింది. పల్లం మాత్రం ఖాళీ అయింది.

కాడ చీల్చి మగపురుగును చూపిస్తే రామక్క వంగి చూసింది.

"ఈ గూనోడికా నా తోటంతా కాల్చాలనింది?"

ఉద్యోగం ఉన్నంతకాలం నేను చీటీ మీద ముందు బెజ్జం రాసి, పేరుకు చోటు వదిలేదాన్ని. రూపం ఒక సాక్ష్యం మాత్రమే. ఏ గూటిలో, వేటి నడుమ దొరికిందో తెలియని పురుగుకు పేరు పెడితే, ఆ తప్పు రైతు తోట మీద పడుతుంది.