ఓడ వంటవాడు మా పెదనాన్న

ఓవెన్‌లోంచి తీసిన కాగితం పొట్లం విప్పగానే నిమ్మ, వెల్లుల్లి, కొవ్వు కలిసిన ఆవిరి నా కళ్లద్దాలను కమ్మేసింది. పొద్దున పెట్టిన లేత పొట్టేలు మాంసం మధ్యాహ్నానికి ఎముకను వదిలేసింది. ఇది గ్రీకుల వంట. కానీ ఆ వాసనకు నాకు గ్రీసు గుర్తు రాదు, నేనెలాగూ చూడలేదు. ముసునూరులో మా మామిడితోట, పంచె ఎగ్గట్టి గోతి పక్కన కూర్చున్న మా పెదనాన్న గుర్తొస్తారు.

ఆయన గ్రీకు సరుకు ఓడల్లో చాలా ఏళ్లు వంట చేసి, చివరికి తోట చూసుకోవడానికి ఇంటికొచ్చేశారు. తోటలున్న ఇంట్లో పుట్టినవాడు గరిటె పట్టడమంటే మావాళ్లకు నామోషీ. ఎవరడిగినా నాన్న "మా అన్నయ్య షిప్పులో ఆఫీసరండీ" అనేవాడు. పెదనాన్న నవ్వి ఊరుకునేవారు. నాకు మాత్రం ఒళ్లు మండేది. ఉల్లిపాయ తరగడం దగ్గర్నుంచి నేను వంట నేర్చుకున్నది ఆయన దగ్గరే మరి.

నన్ను చూసి వెళ్లిన చాట్రాయివాళ్లు సంబంధం ఖాయం చేసుకోవడానికి భోజనానికి వస్తామన్నారు. వంట తనదేనన్నారు పెదనాన్న.

"చెయ్యన్నయ్యా. కానీ చేసింది నువ్వని మాత్రం అనకు. సంబంధం చెడిపోద్ది" అన్నాడు నాన్న.

తోటలో గొయ్యి తీసి, మామిడికట్టె నిప్పులు పోశారు. గిన్నెలో మాంసం, బంగాళాదుంపలు, వెల్లుల్లి, నిమ్మరసం సర్దారు. గ్రీకులు వేసే ఆకు దొరక్క పెరట్లో వామాకు కోసుకొచ్చారు. మూత చుట్టూ గోధుమపిండి మెత్తి, గోతిలో దింపి మట్టి కప్పేశారు. అమ్మకు కాలు నిలవలేదు. మధ్యలో మూత తీసి కారం చూడకుండా, ఓ గ్లాసు నీళ్లు పోయకుండా కూర ఉడుకుతుందంటే ఆవిడ నమ్మే రకం కాదు. గరిటె, కారం డబ్బా పట్టుకుని తయారైంది.

"మూత తీస్తే ఆవిరంతా పోద్దమ్మా. దాని పని దాన్ని చేసుకోనీ" అని పెదనాన్న గోతి పక్కనే మంచం వేసుకుని కాపలా కూర్చున్నారు.

భోజనాల దగ్గర మాంసం ముట్టుకుంటే విడిపోయింది. కాబోయే మామగారు తింటూ తింటూ ఆగి, "ఇదేం కూరండీ? ఎవరు చేశారు?" అని అడిగారు.

"వంటవాళ్లని పిలిపించామండీ" అన్నాడు నాన్న.

వడ్డిస్తున్న పెదనాన్న గరిటె గిన్నెలో పెట్టేశారు. "నేనే చేశానండీ. ఓడలో వంటవాణ్ణి నేను. పూర్వం గ్రీకు దేశంలో గొర్రెల్ని ఎత్తుకెళ్లిన దొంగలు, పొగ కనపడకుండా ఇలా గోతిలో పూడ్చి వండుకునేవాళ్లంట. వాళ్లంటే దాక్కోవాలి. నేనేం దొంగతనం చెయ్యలేదు గదండీ."

నాన్న తల దించుకున్నాడు. పెళ్లిచూపుల్లోనే ఆ అబ్బాయి నాకు నచ్చాడు. అయినా ఈ మాటకు పోయే సంబంధమైతే పోనీ అనుకున్నాను. పెదనాన్నను చూస్తుంటే అంత గర్వంగా ఉంది.

మామగారు విస్తరి ముందుకు జరిపారు. "ఇంకో ముక్క వెయ్యండి, బావగారూ" అన్నారు.

పెదనాన్న పోయి చాలా ఏళ్లయింది. హనుమాన్ జంక్షన్‌లో ఇప్పుడు నాకో హోటలుంది. తిన్నవాళ్లెవరైనా "వంటమాస్టరెవరండీ?" అని అడిగితే, పొయ్యి దగ్గర్నుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, "నేనేనండీ" అంటాను.