కాటప్ప అడిగిన నీళ్లు

పావగడ శెనక్కాయల మిల్లులో హమాలీ కాటప్ప రెండు మూటలు భుజానెత్తుకుని, వాటి మీద మేస్త్రీని కూడా కూర్చోబెట్టుకుని లారీ ఎక్కేవాడట. మేస్త్రీ పైనే ఒక కునుకు తీసేవాడట. అలాంటి మనిషికి పంతొమ్మిది వందల తొంభై ఆరులో, ఆసుపత్రి వెనక గదిలో ఒక బెంచీ మీద కూర్చోవడానికి ధైర్యం చాల్లేదు.

నడుము నొప్పికని మొదలైన మత్తుసూది అతన్ని వదల్లేదు. మిల్లులో ఇంకో ఆరుగురికీ అదే అలవాటు. ఒకరి రోగం ఒకరికి అంటకుండా నర్సు గంగాదేవి కొత్త సూదులు ఊరికే ఇస్తోంది. అయినా కాటప్ప జతగాడు పెద్దతిమ్మప్ప చెయ్యి చీము పట్టి సొరకాయంత అయింది. కారణం తెలియక ఆసుపత్రివాళ్లు మీటింగు పెట్టారు.

"వాడేటోళ్లని అడక్కుంటే ఎట్ల తెలుస్తాదప్పా? నువ్వు రా," అంది గంగాదేవి.

వచ్చి చూస్తే ఎదురుగా, మిల్లు తరఫున వచ్చిన మేనేజరు పాపన్న. నోరు విప్పితే పని పోతుంది. విప్పకపోతే తిమ్మప్ప చెయ్యి పోతుంది. కాటప్ప తువ్వాలు పిండుతూ కూర్చున్నాడు.

"గలీజు నా కొడుకులు! చేతులన్నా కడుక్కోరు," అన్నాడు పాపన్న.

"కడిగేదానికి నీళ్లు యాడుండాయి సామీ?"

అందరూ తిరిగి చూశారు. గొంతు తనదేనని కాటప్పకు అప్పుడు తెలిసింది.

"సూది కొత్తదే సిస్టరమ్మా. నీళ్లే మురిగినవి. ఈ కరువులో మిల్లులో ఉండేది కాయలు తడిపే తొట్టి ఒకటే. మందులో కలిపేది ఆ నీళ్లే. సూదితోపాటు కాచిన నీళ్లియ్యండి. పదింటికి కాదు, పొద్దున ఆరింటికి. లోడు ఎత్తేది మొదలైనాక మమ్మల్ని ఎవరు ఇడుస్తారు?"

"మమ్మల్నంటే? ఎవరెవరప్పా?" అన్నాడు పాపన్న, చాలా మెత్తగా.

కాటప్ప తువ్వాలు భుజాన వేసుకున్నాడు. "నేను."

మర్నాడు హాజరులో అతని పేరు పిలవలేదు. ఆ మర్నాడూ లేదు. ఇంట్లో భార్య రామాంజినమ్మ అడిగితే లారీ రాలేదన్నాడు. రోజూ ఆరింటికే గేటు బయట, మిగతావాళ్లకు పంచమని గంగాదేవి ఇచ్చిన సంచీ పట్టుకుని నిలబడ్డాడు. అందులో సూదులు, దగ్గుమందు ఖాళీ సీసాలు ఉడకబెట్టి వాటిలో పోసిన కాచిన నీళ్లు.

పదో రోజున తిమ్మప్ప వచ్చి వాపు దిగిన చెయ్యి చాపాడు. వేళ్లు మెల్లగా సీసా చుట్టూ ముడుచుకున్నాయి.

"చేతికి పట్టు దొరికినాదిరా!" అన్నాడు కాటప్ప.

లోపల హాజరు మొదలైంది. తన పేరు పిలుస్తారేమోనని కాటప్ప గేటుకు చెవి ఆనించాడు.