విల్ఫ్ ప్రోసర్ బెంచీ

"...జరపమంటున్నాం గానీ నదిలో పారెయ్యమనట్లేదు కదా గ్లెనిస్," అన్నాడు క్లైవ్ బఫ్టన్. "నాలుగడుగులు. అంతే."

"నాలుగడుగులు జరిపితే మా నాన్న ముందు నది ఉండదు. ముళ్ళపొద ఉంటుంది."

"మీ నాన్న పోయి చాలా ఏళ్ళయింది తల్లీ. ఆయనకి ముళ్ళపొదైనా ఒకటే."

"నాకు ఒకటి కాదు."

గ్లెనిస్ తల ఎత్తలేదు. తండ్రి జ్ఞాపకార్థం వేయించిన బెంచీ వీపుకి బిగించిన ఇత్తడి పలకని గుడ్డతో రుద్దుతూనే ఉంది. విల్ఫ్ ప్రోసర్, ఈ చోటంటే ప్రాణం ఆయనకి, అని ఉంటుంది దాని మీద. ప్రతి ఆదివారం చర్చి గంటలు ఆగాక ఆమె ఆ పలక తోముతుంది.

"మరి సర్ క్రిస్పిన్‌కి ఏం చెప్పమంటావు?"

"గడ్డిలో కూర్చోమను. చిన్నప్పుడు కూర్చునేవాడుగా."

క్లైవ్ ఊరి కమిటీ కార్యదర్శి. గ్లెనిస్‌తో కలిసి చదువుకున్నవాడు కాబట్టి ఆమె మాటలకి నొచ్చుకోడు. టోపీ సర్దుకుని వెళ్ళిపోయాడు.

యాభై ఏళ్ళ కిందట మా వెన్‌హోప్‌లో తీసిన సినిమా 'వియర్ కాటేజ్'. యుద్ధకాలంలో లండన్ నుంచి వచ్చి మిల్లు ఇంట్లో తలదాచుకున్న ముగ్గురు పిల్లల కథ. చివర్లో పెద్ద కుర్రాడు ఆనకట్ట మీది చెక్క వంతెన దాటుతుంటే వెనకాలే ఓ తెల్లటి పెద్దబాతు నడుస్తుంది. ఏటా క్రిస్మస్ మధ్యాహ్నం టీవీలో ఆ నడక చూసి దేశమంతా కళ్ళు తుడుచుకుంటుంది. ఆ రోజు కెమెరా నిలబెట్టిన చోటే ఇప్పుడు విల్ఫ్ బెంచీ ఉంది. అక్కడే ఆ పెద్ద కుర్రాడి వేషం వేసిన క్రిస్పిన్ హాలవే పేరిట కొత్త బెంచీ వెయ్యాలని కమిటీ ఆశ. ఆ నది గట్టు మాత్రం తండ్రి నుంచి గ్లెనిస్‌కి వచ్చింది.

ఆ బాతు కూడా గ్లెనిస్‌దే. దాని పేరు డచెస్. వంటింటి పొయ్యి పక్కన, టోపీల పెట్టెలో, ఆమె కళ్ళ ముందే గుడ్డు పగలగొట్టుకుని వచ్చింది. తల్లి లేని పిల్లకి తల్లి లేని బాతు దొరికిందని ఊళ్ళో అనేవారు. సినిమా వాళ్ళు లండన్ నుంచి తెచ్చిన బాతులు కుర్రాడి పిక్కలు కరిచేస్తుంటే, విల్ఫ్ ప్రోసర్ టోపీ చేతిలో పట్టుకుని డైరెక్టర్ దగ్గరికి వెళ్ళాడు. మా అమ్మాయి బాతు నడుస్తుంది, అన్నాడు. నడిచింది. కెమెరా పక్కన నేల మీద బోర్లా పడుకుని పదేళ్ళ గ్లెనిస్ నాలుకతో టక్ టక్ మని చప్పుడు చేస్తే డచెస్ ఆ చప్పుడు వెంట నడిచింది. దాని ముందు కుర్రాడున్నాడు కాబట్టి అది కుర్రాణ్ణి ప్రేమించిందని జనం అనుకున్నారు.

షూటింగ్ అయిపోయిన మర్నాడు డచెస్ లేదు. నక్క ఎత్తుకెళ్ళిందని సినిమా వాళ్ళు చెప్పారట, విల్ఫ్ వచ్చి కూతురికి చెప్పాడు. ఆమె చాలా రోజులు పొదల్లో ఈకల కోసం వెతికింది.

సినిమాలో తల్లి వేషం వేసినావిడ అమెరికా వెళ్ళి, అక్కడ కలిసిరాక తిరిగొచ్చి, టీవీ సీరియల్‌లో సారా కొట్టు యజమానురాలిగా ఇరవై ఏళ్ళు గడిపింది. చెల్లెలుగా వేసిన పిల్ల నటన మానేసి బ్రిస్టల్‌లో నర్సయింది. చిన్న తమ్ముడు తాగుడుతో పోయాడు. క్రిస్పిన్ ఒక్కడే పైకొచ్చాడు. నాటకాలాడాడు, టీవీలో డిటెక్టివ్ అయ్యాడు, రాణిగారి చేత సర్ అనిపించుకున్నాడు. ఎక్కడ మాట్లాడించినా ఒక కథ చెప్పేవాడు. గ్లెనిస్ దాన్ని మొదటిసారి విన్నప్పుడు ఆమెకి పాతికేళ్ళు దాటాయి. తండ్రి పక్కన కూర్చుని టీ తాగుతూ టీవీ చూస్తోంది.

"ఆ బాతేమైందని అందరూ అడుగుతారు," అన్నాడు క్రిస్పిన్ తెర మీద. కాసేపు ఆగాడు. "రుచిగా ఉంది."

హాలు హాలంతా విరగబడి నవ్వింది. ఆఖరి రోజు విందులో దాన్ని వండుకు తిన్నారని చెప్పాడు. విల్ఫ్ కోళ్ళగూడు తలుపు వేశానో లేదో చూసొస్తానని లేచి వెళ్ళాడు. చాలాసేపు రాలేదు. తన బాధ చూడలేకే నాన్న వెళ్ళాడని గ్లెనిస్ అనుకుంది. ఆ మరుసటి ఏడు హెరెఫర్డ్‌లో కాపురం పెడదామని ఒకతను అడిగితే, నాన్నని ఒంటరిగా వదిలి రానని చెప్పింది. బడి వంటగదిలో పిల్లలకి వండుతూ ఉండిపోయింది.

క్రిస్పిన్ మీద కోపం మాత్రం వదల్లేదు. సినిమా తీసిన చోటు చూడ్డానికొచ్చిన యాత్రికులు మిల్లు ఇల్లెక్కడని అడిగితే మురుగునీటి ట్యాంకుల వైపు దారి చూపేది. క్రిస్మస్ రోజు టీవీ తీగ పీకేసేది. ఇప్పుడు అతను శనివారం ఊరి హాలుకి వస్తున్నాడు. సినిమా వేశాక జనం ప్రశ్నలడుగుతారు. పత్రికల వాళ్ళుంటారు. గ్లెనిస్ లేచి నిలబడి ఒకటే మాట అడుగుతుంది: పదేళ్ళ పిల్ల దగ్గర బాతుని తీసుకుని, పని చేయించుకుని, తిని, దాన్ని జీవితమంతా జోకుగా అమ్ముకున్నావే, ఆ పిల్ల పేరేమిటో చెప్పగలవా? గిన్నెలు తోముతూ ఆ మాట ఎన్నిసార్లు అనుకుందో. అతను నోరు తెరిచి మూసుకోవడం చూడాలి, అంతే ఆమెకి కావలసింది.

శనివారం పొద్దున ఆమె గట్టుకి వెళ్ళేసరికి బెంచీ మీద పొడుగాటి ముసలాయన చేతికర్ర ఆనించి కూర్చుని ఉన్నాడు.

"మీ బెంచీయా? లేవమంటారా?" అన్నాడు.

గ్లెనిస్ నాలుకతో టక్ టక్ మని చప్పుడు చేసింది. ఆయన వంతెన వైపు చూశాడు.

"డచెస్," అన్నాడు. "మీరు గ్లెనిస్."

దాచుకున్న ప్రశ్న అక్కడే పాడైపోయింది. దానికి ఆమెకి ఇంకా ఒళ్ళు మండింది.

"పేరు గుర్తుందన్నమాట. రుచి కూడా గుర్తుందా?"

"నేను తినలేదు."

"టీవీలో చెప్పారుగా."

"పదకొండేళ్ళవాణ్ణి. పళ్ళెం చూసి బల్ల కింద దూరి ఏడ్చాను. అందరూ నన్ను చూసి నవ్వారు. పెద్దయ్యాక ఎవరో గుర్తు చేస్తే, వాళ్ళు నవ్వేలోగా నేనే నవ్వించాను. అది పండింది. వదల్లేకపోయాను."

"మీరు ఏడ్చారని నన్ను జాలిపడమంటారా?"

"వద్దు." ఆయన వెనక్కి తిరిగి పలక చదివాడు. తర్వాత ఆమెని చూశాడు. "మీ నాన్న మీకెప్పుడూ చెప్పలేదా?"

"ఏం చెప్పాలి?"

ఆయన లేవబోయాడు. ఆమె చేతికర్ర పట్టుకుంది.

"ఏం చెప్పాలి?"

"పళ్ళెం పట్టుకొచ్చింది ఆయనే. ఆ రోజు మైకల్మస్ పండగ. మైకల్మస్‌కి బాతు లేకుండా విందేమిటి, మా ఇంటి నుంచి ఇది మీకు, అన్నారు. ఎవరూ అడగలేదమ్మా. డైరెక్టర్ కూడా తెల్లబోయాడు. వెళ్ళేటప్పుడు బల్ల కిందికి వంగి, మా పిల్లకి చెప్పకు బాబూ అన్నారు. అందుకే ఆయన పేరు ఎక్కడా ఎత్తలేదు. ఒక తొడ గుడ్డలో చుట్టుకుని తీసుకెళ్ళారు. ఇంట్లో పిల్ల ఉంది అని."

గ్లెనిస్ కర్ర వదిలేసింది. ఆ సాయంత్రం నాన్న గుడ్డ విప్పి, సినిమా వాళ్ళిచ్చిన టర్కీ కోడి అని చెప్పాడు. తను తినలేదు. ఎదురుగా కూర్చుని ఆమె తింటుంటే చూశాడు. ఆమె ఇంకో ముక్క అడిగింది.

"నేను చెప్పకుండా ఉండాల్సింది," అన్నాడు క్రిస్పిన్.

"మీరు చెప్పకుండా ఉండాల్సింది వేరే ఉంది. అది ముప్పై ఏళ్ళు చెప్పారు."

సాయంత్రం ఊరి హాలు నిండిపోయింది. బాతు వంతెన దాటుతుంటే వెనక వరసల్లో ముక్కులు చీదిన చప్పుళ్ళు. గ్లెనిస్ యాభై ఏళ్ళలో మొదటిసారి ఆ దృశ్యం చివరిదాకా చూసింది. దీపాలు వెలిగాయి. వేదిక మీద క్రిస్పిన్ కుర్చీలో ముందుకి వంగి కూర్చున్నాడు. బాతేమైందని ఎవరో అడిగారు. ఆయన ఆ జోకు చెప్పకుండా తల అడ్డంగా ఊపాడు. గ్లెనిస్ చెయ్యెత్తింది. క్లైవ్ సంబరంగా మైకు పట్టుకొచ్చాడు.

"బెంచీ సంగతేనా?" అన్నాడు గుసగుసగా. "మనసు మార్చుకున్నావా?"

ఆమె లేచి నిలబడింది. ముందు వరసలో విల్ఫ్‌తో కలిసి ఆపిల్ తోటల్లో పనిచేసిన ముసలివాళ్ళు కూర్చున్నారు. వాళ్ళు తిరిగి చూసేదాకా ఆగింది.

"బాతేమైందో నేను చెప్తాను," అంది. "దాని మెడ విరిచి వండింది మా నాన్న విల్ఫ్ ప్రోసర్. నాకు చెప్పకుండా నాతో తినిపించాడు. క్లైవ్, సోమవారం మనుషుల్ని పంపించి గట్టు మీద ఆయన బెంచీ పీకించెయ్. జరపడం కాదు, పీకించెయ్. పలక నాకక్కర్లేదు. ఆ చోట సర్ క్రిస్పిన్ బెంచీ కూడా వెయ్యనివ్వను."