బ్యాటరీ వీకప్పా

ఎర్రగుంట్ల స్టేషన్ రోడ్డులో నాకు బ్యాటరీల అంగడి ఉంది. లారీలకు, ట్రాక్టర్లకు చార్జింగు పెట్టి, కొత్తవి అమ్మి, పిల్లలను చదివించి పెండ్లిళ్లు చేశాను. ఇన్నేండ్లలో నా అంగడికి చెడ్డపేరు తెచ్చిన మనిషి ఒక్కడే. పైవాడైతే కోర్టుకు లాగేవాణ్ణి. మా అక్క మొగుడైపోయాడు. పేరు దాసన్న. ఆయన కారు ఎక్కడ ఆగినా, ఎందుకు ఆగినా, దిగి నడుం మీద చేతులు పెట్టుకొని చెప్పే మాట ఒకటే: "బ్యాటరీ వీకప్పా." పెట్రోలు అయిపోయినా బ్యాటరీ వీకే. చక్రం ఊడి పక్క చేనులోకి దొర్లిపోయినా బ్యాటరీ వీకే. ఆడలేక మద్దెల ఓడన్నాడట వెనకటికొకడు. వాడికి ఆ మద్దెల అమ్మినవాడు సొంత బామ్మర్ది అయ్యుండడు.

ఆ కారు పేరు పుష్పక్. ఈ కాలపు పిల్లలు పేరు కూడా విని ఉండరు. వినకపోవడమే వాళ్ల అదృష్టం. డెబ్బయ్యో దశకంలో ఉత్తరాదిన ఏదో ఒక కంపెనీ, కుటుంబమంతటికీ సుఖప్రయాణం అని పేపర్లలో పెద్ద బొమ్మ వేయించి, నాలుగేండ్లు తిప్పలు పడి అమ్మి, గేటుకు తాళం వేసుకొని పోయింది. అప్పట్లో దుడ్డున్నవాడు అంబాసిడర్ కొన్నాడు, షోకున్నవాడు ఫియట్ కొన్నాడు. పుష్పక్ కొన్నవాణ్ణి మా బావ తప్ప ఇంకొకణ్ణి నేను చూడలేదు. ముందు నుంచి చూస్తే అది ఇప్పుడే ఏడ్చి మొహం కడుక్కున్నట్టుండేది. వెనక నుంచి చూస్తే బీరువాను పండబెట్టినట్టుండేది. రామాయణంలో పుష్పకానికి ఒక గొప్ప చెబుతారు గదా, ఎంతమంది ఎక్కినా ఇంకొకరికి చోటుంటుందని. మా బావ పుష్పక్‌కూ అట్లాంటి గొప్పే ఉంది. ఎంతమంది తోస్తున్నా ఇంకొకరికి చోటుండేది.

నిజానికి దాన్ని ఆయన కొనలేదు, ఆయనకు అంటగట్టారు. సిమెంటు ఫ్యాక్టరీలో లారీలు తూచే కాటా దగ్గర ఆయన పని. అక్కడి ఉత్తరాది ఇంజినీరొకడు బదిలీ మీద పోతూ, అమ్మితే కొనేవాడు లేక, తోలుకొనిపోదామంటే ముద్దనూరు కూడా దాటదని తెలిసి, "నీకైతేనే ఇస్తా దాసన్నా" అని భుజం తట్టాడు. ఆ భుజం తట్టడానికి మా బావ పడిపోయాడు. ఫ్యాక్టరీ కూలీలు వెనక నుంచి తోస్తుంటే, తాను లోపల స్టీరింగు పట్టుకొని, మెరవణిలో పెండ్లికొడుకు మాదిరి ఇంటికొచ్చాడు. మా అక్క ఓబులమ్మ చేతిలో చాట పట్టుకొని వాకిట్లోకి వచ్చి, కారును ఆ కొస నుంచి ఈ కొస దాకా చూసి ఒకే మాట అడిగింది.

"దీనికి ఎద్దుల్ని యాడ కట్టాల?"

కాకి పిల్ల కాకికి ముద్దు. రోజూ పొద్దున్నే దాని మీద పడిన సిమెంటు దుమ్మును ఆయన తన తలగుడ్డతో తుడిచేవాడు. మా అక్క చెంపను ఒక్కసారైనా అంత మెత్తగా తుడిచి ఉంటాడని నేననుకోను. కంపెనీ మూతపడ్డాక సామాన్లు ఎక్కడ దొరుకుతాయి? ట్రాక్టరు పంపు, పాత బస్సు హారను, మా అక్క గోద్రేజు బీరువాకు ఉన్న పిడి, అన్నీ దానికి ఎక్కాయి. ముందు దీపాల్లో ఒకటే వెలిగేది. రెండోది గుడ్డికన్ను, మూసినా ఒకటే తెరిచినా ఒకటే.

మా ఊరి వాళ్ల నోటికి ఇది చాలదా? సంబంధం కుదరకపోతే "దాసన్న బండి అయ్యిండాది" అనేవారు. ఆఫీసులో పని ముందుకు సాగకపోతే దాసన్న బండి. మొండికేసిన ఎద్దు దాసన్న బండి. ఈ సామెత మొదలుపెట్టింది గాబ్రియేలు, మా చర్చి పెద్ద. ఆదివారం కానుకల సంచి పట్టుకొని తిరుగుతూ కూడా మా బావ దగ్గరికొచ్చేసరికి "బండి ఎట్లుండాదప్పా?" అని అడిగి ముసిముసిగా నవ్వేవాడు. మా బావ సంచిలో కానుక వేసి, పాటల పుస్తకంలోకి తల దించుకునేవాడు. ఇంటికొచ్చాక ఆ పూట అన్నం తినేవాడు కాదు. మా అక్కకు, నాకు తప్ప ఆ సంగతి ఎవరికీ తెలియదు. ఊరికి నవ్వడమే తెలుసు.

ఆ గాబ్రియేలే తన కూతురు ఎస్తేరు పెండ్లికి కారు కావాలని వచ్చాడు. ఊళ్లో ఉన్న కారు ఇదొక్కటే. మా చర్చి మిట్ట మీద ఉంటుంది. రైలు గేటు దాటిన మలుపు నుంచి ఎగువ. పుష్పక్ ఆ మలుపు దాకా బాగానే వచ్చి, ఎగువను చూసి, దగ్గి, ఆగిపోయింది. పెండ్లికూతురు తెల్లచీరలో లోపల. దించి నడిపిస్తే చీరంతా దుమ్మవుతుంది. మేనమామలు వెనక చేరారు, చిన్నాయనలు పక్కన చేరారు, ఆడవాళ్లు పాట ఎత్తుకున్నారు, అందరూ తోసుకుంటూ చర్చి గేటు దాకా తీసుకుపోయారు. ఏడాది తిరిగేసరికి ఎస్తేరుకు కవలలు, మొగుడికి గవర్నమెంటు ఉద్యోగం.

ఆ తరువాతి పెండ్లికూతురు జమ్మలమడుగు నుంచి తెచ్చిన జీపులో, ఎవరూ తోయకుండా, జుయ్యిమని చర్చికి చేరింది. ఆమె మొగుడు మంగంపేట ముగ్గురాయి గనుల్లో పనికని పోయి మళ్లీ రాలేదు. ఇక చెప్పాలా! వాడు పెండ్లికి ముందే తాగుబోతని ఊరందరికీ తెలుసు. అయినా తప్పు జీపుదే అయింది. పెండ్లికూతుర్ని మలుపు కాడి నుంచి తోసుకుంటా పోకపోతే కాపురం నిలవదని మా ముసలమ్మలు తీర్పు చెప్పారు. మూఢనమ్మకాలు సైతాను పని అని ఆదివారం గొంతు చించుకున్న పాస్టరు, తన కూతురి పెండ్లికి వారం ముందే వచ్చి, "పుష్పక్ ఖాళీనా దాసన్నా?" అని అడిగాడు. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట!

పోను పోను దానికి పద్ధతులు పుట్టాయి. డిక్కీ మీద చెయ్యి వేసే హక్కు మేనమామలది. ఎడమ తలుపు చిన్నాయనలది. బావమరుదులది బంపరు. ఒక పెండ్లిలో తనకు డిక్కీ దగ్గర చోటివ్వలేదని ఒక మేనమామ అలిగి, విందు తినకుండా రైలెక్కి పోయాడు. ఇప్పుడు బాడుగకు తెచ్చే ఏసీ కార్లను కూడా మలుపు దగ్గర ఇంజిన్ ఆపించి తోస్తారు. ప్రొద్దుటూరు డ్రైవర్లు మొదట భయపడి బ్రేకు మీద నుంచి కాలు తీసేవారు కాదు. ఇప్పుడు వాళ్లూ అలవాటు పడ్డారు.

ఆయన కారు ఆగిపోవడం ఊరికి ఆచారమైపోయింది. మా బావకు అది గౌరవం అనిపించి ఉండాల్సింది, అనిపించలేదు. తోసిన ప్రతిసారీ అందరూ ఆశీర్వాదం తీసుకుని, ఆయనకు మాత్రం "ఇంకెప్పుడు బాగుపడుతుందప్పా?" అన్న మాట మిగిల్చిపోయేవారు. అందుకే కొడుకు క్రాంతి కుమార్ పెండ్లికి ఆయన మొండికేశాడు. "నా ఇంటి కోడలు తోపించుకుంటా పోదు" అని కడప నుంచి ట్యాక్సీ తెప్పించాడు, మలుపు దగ్గర ఆపనివ్వలేదు. కోడలు కరుణ బంగారం లాంటి పిల్ల. కూతురు స్తుతి పుట్టిన మూడో ఏడు కామెర్లు వచ్చి, పసరు వైద్యమని నాన్చి, పోయింది. సమాధి మీద మట్టి ఇంకా తడిగానే ఉంది, వెనక నుంచి ఎవరో అన్నారు: "ఆ పొద్దు రోంత తోసింటే అయిపోవునే!" ఆ మాట అన్న నోరు ఎవరిదో తెలిస్తే ఈ రోజుకీ నేను దాంట్లో యాసిడ్ నీళ్లు పోస్తాను. మా బావ విన్నాడు.

తల్లి లేని స్తుతిని మా అక్కాబావలే పెంచారు. ఇప్పుడు కడపలో నర్సు. కామెర్లకు పసరు తాగిస్తామని వచ్చేవాళ్లను చెడామడా తిట్టి, రోగిని ఆసుపత్రి మంచం దిగనివ్వని పిల్ల. ఈ ఏడు ప్రొద్దుటూరు శామ్‌తో సంబంధం కుదిరింది. క్రాంతి కుమార్ తెల్లటి పెద్ద కారు మాట్లాడతానన్నాడు. స్తుతి మాత్రం "నేను జేజినాయన కార్లోనే పోతా" అంది.

ఆ మాటతో మా బావకు, ఎనభైకి దగ్గరపడ్డ మనిషికి, మళ్లీ వయసొచ్చింది. ప్రొద్దుటూరు నుంచి బొజ్జన్న అనే మేస్త్రీని పట్టుకొచ్చి, పెరట్లో టార్పాలిన్ కట్టి, ఇంజిన్‌ను మొత్తం విప్పించాడు. ఎవరైనా అడిగితే రంగు వేయిస్తున్నానని చెప్పాడు. చివర నన్ను పిలిచాడు.

"లాజరూ, కొత్త బ్యాటరీ గావాల. పాతది చార్జింగు పెట్టి తెస్తే సంపుతా."

"నా అంగట్లో బ్యాటరీలన్నీ వీకు గదా బావా, ఊరంతా దండోరా వేస్తివి."

"ఎగతాళి సాలు గానీ తీసకరా."

డబ్బా సీలు విప్పని బ్యాటరీని తెచ్చి నా చేత్తోనే బిగించాను. ఎండకు కుక్క కూడా నీడ వదలని ఒక మధ్యాహ్నం, ఊరంతా పడుకున్నప్పుడు, ఇద్దరం కారు తీశాం. రైలు గేటు దాటింది. మలుపు వచ్చింది. నేను అలవాటు కొద్దీ దిగి తోయడానికి తలుపు పిడి పట్టుకున్నాను. పుష్పక్ దగ్గలేదు! ఎగువ మొత్తం ఎక్కి చర్చి గేటు ముందు నిలబడింది. మా బావ దిగి, గేటును చేత్తో తాకి తిరిగొచ్చాడు.

"ఎవురికీ చెప్పాకు లాజరూ. పెండ్లినాడు వాళ్ల కండ్ల ముందరే ఎక్కాల. గాబ్రియేలు నోరు మూత పడాల. నేను సచ్చేలోపల ఒక్కతూరి సాలు."

నలభై ఏండ్లకు పైగా ఆయనను వెక్కిరించినవాణ్ణి నేను. ఆ రోజు మాత్రం, దేవుడా, దీన్ని ఆ ఒక్క పూట ఆగనివ్వకు అని మనసారా ప్రార్థన చేశాను.

పెండ్లినాడు నేను ముందు సీట్లో కూర్చున్నాను. వెనక స్తుతి, పక్కన మా అక్క. కారు ఇంటి దగ్గర ఒక్క తిప్పుకే అందుకుంది. మా బావ తెల్ల చొక్కా గుండీలు మెడ దాకా పెట్టుకొని తోలుతున్నాడు. రైలు గేటు దాటగానే మలుపు దగ్గర ఊరంతా కనిపించింది. జమ్మలమడుగు నుంచి వచ్చిన కరుణ తమ్ముళ్లు ప్యాంట్లు మడిచి, చేతులు రుద్దుకుంటూ డిక్కీ కోసం కాచుకొని ఉన్నారు. ఆడవాళ్లు పాట ఎత్తుకోవడానికి గొంతు సవరించుకుంటున్నారు. గాబ్రియేలు చేతికర్ర మీద వాలి అప్పటికే నవ్వుతున్నాడు. నవ్వు నాయనా నవ్వు, ఇంకా ఎంతసేపులే అనుకున్నాను.

ఇంజిన్ దగ్గలేదు. కారు వేగం తగ్గలేదు. అప్పుడు వెనక నుంచి స్తుతి గొంతు, చిన్నపిల్ల గొంతు మాదిరి వినబడింది.

"జేజినాయనా, నన్ను తొయ్యరా?"

మా బావ అద్దంలో ఆ పిల్లను చూశాడు. నేనూ చూశాను. పసరు వైద్యాన్ని చీల్చి చెండాడే నర్సు, చీర కొంగును రెండు చేతులా పిసుకుతూ, ఆ మలుపు వైపు భయంగా చూస్తోంది. నాకు మండింది. ఎంత చదివితే ఏం లాభం, ఈ ఊరి మాటలు పాలతో పాటు తాగింది అనుకున్నాను. పోనీ బావా, ఆపొద్దు, ఎక్కించెయ్ అని అరవబోయాను.

ఆయన చెయ్యి స్టీరింగు మీద నుంచి కిందికి దిగింది. తాళం తిప్పింది. ఇంజిన్ నోరు మూసుకుంది. పుష్పక్ ఇన్నేండ్లూ ఎక్కడ ఆగేదో సరిగ్గా అక్కడికే దొర్లి ఆగింది.

దిగాడు. నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

"ఇయ్యాలన్నా పోతాదనుకుంటిమే, ఏమైందప్పా?" అన్నాడు గాబ్రియేలు.

"బ్యాటరీ వీకప్పా."

ఊరంతా ఘొల్లుమంది. మేనమామలు ఎగిరి డిక్కీ మీద పడ్డారు. పాట మొదలైంది. నేనూ ఇవతల పక్క దిగాను. గాబ్రియేలు అంతటితో ఊరుకుంటాడా? కర్రతో నన్ను చూపించి, "ఏం లాజరూ, మనమరాలి పెండ్లికి గూడా పాసిపోయిన బ్యాటరీనే ఇచ్చినావా?" అన్నాడు.

నోటి దాకా వచ్చింది. సీలు నేనే విప్పానని, ఈ ఎగువను అది ఒకసారి ఎక్కిందని, కావాలంటే తాళం తిప్పి చూసుకోమని. మా బావ కారు మీదుగా నా వైపు చూశాడు. ఆయన నాకు ఎప్పుడూ భయపడలేదు. అప్పుడు భయపడ్డాడు.

"ఔనప్పా," అన్నాను చొక్కా చేతులు పైకి మడుచుకుంటూ. "తప్పు నా బ్యాటరీదే. జరుగు, నన్నూ తొయ్యనీ."