పాలు పితికి వెళ్ళిపోయినవాళ్ళు

మెల్‌బోర్న్‌లో వ్యవసాయశాస్త్రం చదివే రోజుల్లో మా ఇంటి యజమానురాలు తొంభైకి దగ్గరపడిన ఒంటరి ముసలావిడ. ఆవిడ తండ్రి లండన్‌లో ట్రాము నడిపేవాడట. వచ్చి సేద్యం చేసుకుంటే భూమి, ఇల్లు, ఆవులు ఇస్తామని ఇక్కడి ప్రభుత్వం పిలిస్తే, ఎన్నడూ ఆవును ముట్టుకోని ఆ మనిషి పెళ్ళాంపిల్లలతో ఓడెక్కాడు. అలా వచ్చినవాళ్ళందరికీ ఒకేచోట తలా ఒక భూమి చెక్క పంచి, కాలనీ కట్టారు.

"ఒక్కసారి మా పొలం చూపిస్తారా?" అని ఆవిడ అడిగితే, నా గుంటూరు రూమ్మేటు కారులో తీసుకెళ్ళాం.

అక్కడ కాలనీ లేదు. కంచె వెనక కనుచూపుమేర ఒకటే గడ్డిబీడు.

"ఇదే మా వంటిల్లు," అంది. కొంచెం నడిచి, "కాదు, అక్కడ," అంది.

"ఏమే, మామ్మ కన్ఫ్యూజ్ అయిందా, మనమే రాంగ్ టర్న్ తీసుకున్నామా?" అంది రూమ్మేటు నా చెవిలో.

ఎందుకు వదిలేశారని అడిగాను.

"నేల చవుడు. నాన్నకి చేతకాలేదు. వెళ్ళే పొద్దున, పొదుగులు సలుపుతాయని అమ్మ ఆవులన్నిటికీ పాలు పితికింది. ఆ పాలు నేలమీద పారబోసి బయల్దేరాం."

"ప్రభుత్వం మోసం చేసిందన్నమాట."

"అవును. కానీ అంత సంతోషంగా నేనింకెక్కడా లేను," అంది.

మీకంటే ముందు ఇక్కడెవరుండేవారని అడిగాను.

"ఎవరూ లేరు. ఖాళీ నేల." వెంటనే, "వాగు దగ్గరికి కొందరు ఆదివాసులు వచ్చేవాళ్ళు. తమ చోటు ఇదేననేవాళ్ళు. అమ్మ టీ ఇచ్చేది," అని ఉలిక్కిపడినట్టు నన్ను చూసింది. "మరి ఖాళీ అని నాకెవరు చెప్పారు?"

తిరుగుదారిలో ఆవిడ చిప్స్ కొనిపించుకు తిని, వెనకసీట్లో నిద్రపోయింది.

"పాపం, వీళ్ళది తప్పంటావా?" అంది రూమ్మేటు.

"తెలీదే," అన్నాను. అప్పట్లో మేమిద్దరం ఈ దేశంలోనే ఉండిపోవడానికి పీఆర్ కోసం ఎదురుచూస్తున్నాం. ఆ ప్రశ్న ఆవిడ గురించేనా అన్నది కూడా నాకు తేలలేదు.

కొన్నాళ్ళకి మళ్ళీ తీసుకెళ్ళమంది. ఈసారి వంటిల్లు వెతకలేదు, వాగు చూపించమంది. దొరికింది, చుక్క నీరు లేదు. ఆవిడ ఒడ్డున చాలాసేపు నిలబడింది. ఏం గుర్తొచ్చిందో మేమడగలేదు.