వడ్లగింజంత కత్తి

భద్రాచలం అడవి అంచున మా చిన్న దవాఖానాలో డాక్టరమ్మకు ఒక చాదస్తం ఉండేది. పిల్లల గొంతులో చీముగడ్డ కోసే ముందు కత్తికి తానే ప్లాస్టర్ చుట్టేది. అగ్గిపెట్టెలో దాచుకున్న వడ్లగింజతో కొలిచి, అంత మొన మాత్రమే బయట ఉంచేది. అంతకుమించి దిగితే వెనకే పెద్ద రక్తనాళం. పనయ్యాక మాత్రం ఆ ప్లాస్టర్ నేనే విప్పాలి. నర్సంటే ఇంత అలుసా అని నాకు ఒళ్లు మండేది.

ఒక వానాకాలం, ఎనిమిదేళ్ల పిల్లను తండ్రి ఎత్తుకొచ్చాడు. పిల్ల నోట చొంగ తప్ప మాట లేదు.

"కొండనాలుక జారిందని ముసలవ్వ ఉప్పద్ది వేలుతోని నొక్కిందమ్మా. గప్పటిసంది నీళ్లు గూడ దిగుతలేవు."

పళ్ల మధ్య చెంచా పట్టేంత సందే ఉంది. పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని తల కదలకుండా పట్టుకున్నాను.

"కదలకు బిడ్డా," అంది డాక్టరమ్మ.

కత్తి ఒక్కసారి లోపలికెళ్లి వచ్చింది. వెంటనే పిల్లను ముందుకు వంచాను. చీము బేసిన్‌లో పడింది. పిల్ల గుక్కపట్టి ఏడ్చింది.

"విప్పు సిస్టర్," అంటూ ఎప్పటిలాగే కత్తి నా ముందు పెట్టింది.

ఆ రోజు ఉండబట్టలేక, "మీరే విప్పండమ్మా," అన్నాను.

ఆమె ప్రయత్నించింది. పిల్ల గొంతులో చెక్కుచెదరని ఆ వేళ్లకు ఇప్పుడు ప్లాస్టర్ అంచు దొరకలేదు. అంతగా వణుకుతున్నాయి.